బస్సు లేన్ బాగుంది, కూడలి దాకానే

ఆరు నెలలుగా కారు ఇంట్లో పెట్టి, ప్రత్యేక లేన్ బస్సులో ఆఫీసుకి వెళ్తున్నా. ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నా, అందులో రెండు ప్లాట్‌ఫామ్‌కే.

నిజంగా ఆ ప్లాట్‌ఫామ్ ఆలోచన చేసినవాళ్లకి దండం పెట్టాలి. టికెట్ లోపలికి వచ్చేటప్పుడే తీసేసుకుంటాం, బస్సు నేలా ప్లాట్‌ఫామ్ నేలా ఒకే ఎత్తులో ఉంటాయి, తలుపులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేసింది. స్టాపులో బస్సు ఆగేది అరనిమిషం కూడా ఉండదు. ఇదేం కొత్త విద్య కాదు లెండి, బ్రెజిల్‌లోని కురిటీబాలో 1974లోనే బస్సులకి విడిగా దారి వేశారు, 1991లో గాజు గొట్టాల్లాంటి స్టేషన్లు కట్టి టికెట్ పని అక్కడే ముగించారు. కొలంబియా రాజధాని బొగోటాలో 2000లో ట్రాన్స్‌మిలేనియో అనే ఇలాంటి బస్సు వ్యవస్థే వచ్చింది. మెట్రోతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ, కట్టడం కూడా త్వరగా అయిపోతుంది.

ఇక తిట్లు. ఖాళీ రోడ్డు మీద దర్జాగా సాగే ఈ లేన్ సరిగ్గా పెద్ద కూడలికి రెండు వందల మీటర్ల ముందు మాయమైపోతుంది, అక్కడ కార్లకి చోటు చాలదట. ట్రాఫిక్ లేని చోట బస్సుకి లేన్ ఎందుకండీ? అప్పటిదాకా పన్నెండు నిమిషాల్లో వచ్చిన బస్సు ఆ ఒక్క సిగ్నల్ దగ్గరే తొమ్మిది నిమిషాలు నిలబడిన రోజులున్నాయి.

పోనీ దెబ్బ అక్కడితో ఆగుతుందా అంటే, లేదు. ఆలస్యమైన బస్సు కోసం తర్వాతి స్టాపులో జనం పోగవుతారు, వాళ్లంతా ఎక్కేసరికి అది ఇంకా వెనకబడుతుంది, వెనకొచ్చే బస్సుకేమో ఎక్కేవాళ్లే మిగలరు కాబట్టి అది పరుగున వచ్చి దీని తోక పట్టుకుంటుంది. బోర్డు మీద పది నిమిషాలకో బస్సు అని ఉంది, అంటే సగటున ఐదు నిమిషాలు చూస్తే చాలాలి. ఇరవై నిమిషాలకి రెండూ జంటగా వస్తే ఆ ఐదు కాస్తా పది అవుతుంది. బస్సులు అవే, డ్రైవర్లు వాళ్లే, మన టైమే రెట్టింపు పోయింది.

లేన్‌ని కూడలి దాటేదాకా లాగి, బస్సు దగ్గరికొచ్చినప్పుడు పచ్చ లైటు ఇంకొన్ని సెకన్లు ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. అక్కడ ఫ్లైఓవర్ వేస్తారని మాత్రం వింటున్నా! సియోల్‌లో 2003లో చంగ్యేచాన్ వాగు మీదున్న ఫ్లైఓవర్‌ని కూలగొట్టడం మొదలుపెట్టి 2005కల్లా వాగుని బయటికి తెచ్చారు, మధ్యలో 2004లో బస్సు రూట్లన్నీ మార్చేశారు. ఊరేం ఆగిపోలేదు.

కొత్త ఎలక్ట్రిక్ బస్సులకి చప్పుడు లేదు, పొగ లేదు, సంతోషం. సిగ్నల్ దగ్గర ఇరుక్కుంటే మాత్రం అవీ పాతవాటిలాగే ఇరుక్కుంటాయి. యాప్ పర్వాలేదు.

స్టాపు నుంచి ఆఫీసుకి ఏడు నిమిషాల నడక, ఫుట్‌పాత్ సగంలో తెగిపోతుంది, మిగతా సగం కార్ల పక్కన ప్రాణాలరచేత పెట్టుకుని నడవాలి. చివరి బస్సు రాత్రి తొమ్మిదీ నలభైకి. అందుకే లేట్ షిఫ్టు ఉన్న రోజుల్లో ఇప్పటికీ కారే తీస్తున్నా.