నీలగిరి పీట్ కోరా, ఊరి చెరువు పూడికా: పాత వాతావరణం చదవడానికి ఏది మేలు?

హైదరాబాద్‌లో జియాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఎమ్మెస్సీ చేసేవాళ్లకి ప్రాజెక్టు దగ్గరపడగానే ఈ తర్జనభర్జన మొదలవుతుంది. కోర్ అంటే నేలలోకి గొట్టం లాంటి పరికరం దించి, పొరలు చెదరకుండా తీసిన నిలువు ముక్క. పీట్ అంటే నీళ్లు నిలిచే చోట గాలి అందక, పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లుగా పొరలు పొరలుగా పేరుకున్న మొక్కల పదార్థం. దానికోసం నీలగిరులదాకా వెళ్లాలి. పూడికకైతే సిటీ బస్సు చాలు. అంతమాత్రాన పూడికే మేలనుకుంటే తప్పులో కాలేసినట్టే. మీ ప్రశ్న ఏ కాలం గురించో ముందు తేలాలి.

హుస్సేన్ సాగర్ 16వ శతాబ్దంలో కట్టింది, ఉస్మాన్ సాగర్ 1920 నాటిది. కట్ట వేయకముందు సంగతి చెరువు పూడిక చెప్పలేదు. నీలగిరి పీట్‌లోనో, 20,000 ఏళ్ల వెనక్కి వెళ్లొచ్చని శాస్త్రవేత్త సుకుమార్ బృందం 1993లో నేచర్ పత్రికలో చూపించింది. వాళ్లు చూసింది కార్బన్ ఐసోటోపుల, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్-13, కార్బన్-12 పరమాణువుల నిష్పత్తి. దాన్ని ఒక ప్రామాణిక నమూనాతో పోల్చి, వెయ్యికి ఎంత తేడా అని చెబుతారు. సీ3, సీ4 అంటే మొక్కలు గాలిలోని కార్బన్‌ని పట్టే రెండు తీరులు. చెట్లు, తేమను కోరే సీ3 మొక్కలు మైనస్ 27 దరిదాపుల్లో ఉంటాయి, పొడికి ఓర్చుకునే సీ4 గడ్డి మైనస్ 13 దగ్గర. మంచుయుగం తారస్థాయిలో సీ4 గడ్డి రాజ్యమేలింది, రుతుపవనాలు బలపడ్డాక సీ3 పుంజుకుంది. ఒక మెలిక ఉంది: గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గినా సీ4 గడ్డికే లాభం. కాబట్టి సీ4 కనబడ్డ ప్రతిచోటా ‘కరువు’ అని రాసేయకండి.

కార్బన్ నిల్వ లెక్క కావాలంటే పీట్‌కి పోటీ లేదు. భూభాగంలో సుమారు 3 శాతమే పీట్ నేలలు, ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటికంటే ఎక్కువ కార్బన్ వాటిలో ఉంది. నీళ్లు తోడేస్తే మాత్రం, మూత సరిగా పెట్టని ఆవకాయ జాడీలా గాలి తగిలి పాడవడం మొదలవుతుంది. కార్బన్ గాలిలోకి పోతుంది, చదవాల్సిన పొరలూ పోతాయి.

లెక్క ఇలా: ఒక సీసీ (ఘన సెంటీమీటరు) ముక్కని 105 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి తూచండి, తర్వాత 550 డిగ్రీల ఫర్నేస్‌లో 4 గంటలు కాల్చి మళ్లీ తూచండి. తగ్గిన బరువు సేంద్రియ పదార్థం, అందులో దాదాపు సగం కార్బన్. పొడి సాంద్రత సీసీకి 0.1 గ్రాము, కార్బన్ 50 శాతం, పెరుగుదల ఏడాదికి 0.5 మిల్లీమీటరు అనుకుంటే చదరపు మీటరుకి ఏడాదికి 25 గ్రాముల కార్బన్ వస్తుంది. పీట్‌ని సిరంజితో తీస్తే నొక్కుకుపోయి సాంద్రత పెరుగుతుంది, దాంతోపాటు కార్బన్ అంకె కూడా. పదునైన రంపపు పళ్ల కత్తితో కోసి, కొలిచి తీయాలి. పై పొరల్లో రేటు ఎక్కువ కనబడితే సంబరపడొద్దు, అవి ఇంకా కుళ్లడం పూర్తికానివి.

పూడికకి ఇదే పద్ధతి గుడ్డిగా వాడితే దెబ్బతింటారు. నల్లటి బంకమట్టి 550 డిగ్రీల దగ్గర తన స్ఫటికంలోని నీటినీ వదులుతుంది, లేని కార్బన్ ఉన్నట్టు చూపిస్తుంది. పూడికకైతే పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నం కరిగించి, కార్బన్‌ని నేరుగా కొలిచే ఎలిమెంటల్ ఎనలైజర్‌కి పంపడమే దారి.

చెరువుకీ ఒక బలం ఉంది. గత 100, 150 ఏళ్ల సంగతి కావాలంటే పొరల వయసు తేల్చడానికి లెడ్-210 అనే రేడియోధార్మిక సీసం బాగా పనికొస్తుంది, దాని అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) 22 ఏళ్లే. నగరం పెరిగిన తీరు, మురుగు, భారలోహాలు అన్నీ పూడికలో వరుసగా దొరుకుతాయి. అయితే మిషన్ కాకతీయ కింద 2015 నుంచి పూడిక తీసి పొలాలకు తోలిన చెరువులు చాలా ఉన్నాయి. కోర్ దించేముందు నీటిపారుదల శాఖ రికార్డు చూడండి, ఊళ్లో పెద్దవాళ్లనీ అడగండి. పై మీటరు ఎత్తేశాక డేటింగ్‌కి (వయసు తేల్చడానికి) డబ్బు పోయడం దండగ.

ఒక్క సెమిస్టరే చేతిలో ఉంటే చెరువే ఎంచుకోండి. నీలగిరుల్లో అటవీశాఖ అనుమతికే నెలలు పట్టొచ్చు. ఏడాది వ్యవధి, గైడ్ అండ ఉంటే పీటే. రష్యన్ కోరర్‌తో (పీట్‌ని అరగొట్టం ఆకారంలో కోసి తీసే చేతి పరికరం) 50 సెంటీమీటర్ల చొప్పున, పక్కపక్కనే రెండు గుంతల్లో మార్చి మార్చి తీయండి, ఒకే గుంతలో దించితే కోరర్ ముక్కు కింది పొరని చెదరగొడుతుంది. ప్రతి ముక్కనీ సన్న ప్లాస్టిక్‌లో చుట్టి, సగానికి చీల్చిన పీవీసీ పైపులో పెట్టి, ఐసు పెట్టెలో తేవాలి. హైదరాబాద్ మే ఎండలో ఒక్క పూట బయట ఉంటే బూజు పట్టడానికి చాలు. ల్యాబ్‌లో 4 డిగ్రీల ఫ్రిజ్.

పీట్ డేటింగ్‌కి ఢిల్లీలోని ఐయూఏసీ (ఇంటర్-యూనివర్సిటీ ఆక్సిలరేటర్ సెంటర్) ఏఎంఎస్ లాంటి, రేడియోకార్బన్‌తో వయసు కొలిచే చోటికి పంపేటప్పుడు పీట్ ముద్ద మొత్తం ఇవ్వకండి. జల్లెడ పట్టి, సన్న వేళ్లు ఏరేసి, ఆకుల తునకలు, విత్తనాలు మాత్రమే ఇవ్వండి. పైనుంచి దిగిన కొత్త వేరు కలిస్తే పొర వయసు వందల ఏళ్లు తక్కువగా వస్తుంది.