జాగ్రత్త: చేరదీసిన పిల్లికి కుక్కల పురుగుల మందు అంటగడుతున్నారు

వీధి పిల్లిని ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్లు, తెచ్చుకోవాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. బొచ్చులోని పురుగులు పోవడానికి మెడ మీద వేసే చుక్కల మందు కొనేటప్పుడు, పెట్టె మీద పెర్మెత్రిన్ అనే పేరు ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి. అమ్మేవారు ‘సగం వేస్తే చాలు’ అన్నా, ‘అందరూ ఇదే తీసుకెళ్తారు’ అన్నా వినకండి. అది పిల్లులకు విషం.

మా పెరట్లో కొన్నాళ్లుగా తిరుగుతున్న ఆడపిల్లిని చేరదీశాం. ఒళ్లంతా గోకుకుంటోంది. బొచ్చు విడదీస్తే సన్నటి పురుగులు గెంతుతున్నాయి. జంతువుల మందులు అమ్మే దుకాణానికి వెళ్లి, మందు పిల్లికేనని స్పష్టంగా చెప్పాం. ఆయన కుక్కల మందు చేతికిచ్చి, రెండింటిలోనూ ఉండేది ఒకటేనని, ట్యూబులో సగం పిండితే సరిపోతుందని చెప్పారు. వేసిన కొద్ది గంటలకే పిల్లి చెవులు అదరడం మొదలైంది. వీపు మీద చర్మం అలలుగా కదిలింది, నోటి నుంచి చొంగ కారింది. తరువాత కాళ్లు వణికి నిలబడలేకపోయింది. పశువైద్యశాలకు చేరేసరికి మూర్ఛలు వస్తున్నాయి.

ఫోన్ చేస్తే దుకాణం నుంచి వచ్చిన సమాధానం నన్ను ఇప్పటికీ మండిస్తోంది. ‘వీధి పిల్లి కదండీ, ముందే ఏదో జబ్బు ఉండి ఉంటుంది’ అన్నారు. చేరదీసిన జంతువు విషయంలో ఈ మాట అనడం చాలా తేలిక. దాని గతం ఎవరికీ తెలియదు కాబట్టి, మందు వల్ల జరిగిన హానిని కూడా ఆ గతం మీదకే నెట్టేయవచ్చు. అందుకే మందు కొనకముందే పశువైద్యుడికి చూపించి, బరువు, జ్వరం, చిగుళ్ల రంగు, చర్మం ఎలా ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం ఉంటే పిల్లి ఏ స్థితిలో మీ దగ్గరికి వచ్చిందో మీరు చూపించగలుగుతారు.

సగం వేస్తే ఏమవుతుందని చాలామంది అనుకుంటారు. కుక్కల చుక్కల మందుల్లో చాలావాటిలో పెర్మెత్రిన్ 40 శాతానికి పైగా ఉంటుంది. ఆ గాఢతలో కొన్ని చుక్కలు కూడా పిల్లికి ప్రమాదమే. కుక్క కాలేయం ఈ రసాయనాన్ని త్వరగా విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయంలో అందుకు కావలసిన ఎంజైమ్ చాలా తక్కువ. మందు ఒంట్లోనే నిలిచిపోయి, నరాల్లో సంకేతాలను నడిపే సన్నటి ద్వారాలను మూతపడనివ్వదు. నరాలు ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటాయి. ఒళ్లు అదరడం, వణుకు, మూర్ఛ దానివల్లే వస్తాయి. జ్వరం వచ్చిందని మన ఇంట్లో ఉండే పారాసిటమాల్ పిల్లికి వేయకూడదనడానికి కూడా ఈ లోపమే కారణం. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

పెట్టె మీద సన్నటి అక్షరాలు చదవండి. డెల్టామెత్రిన్, సైఫెనోత్రిన్ కూడా ఇదే కుటుంబానికి చెందినవి. పిల్లుల కోసమే తయారయ్యే కొన్ని మెడపట్టీల్లో ఫ్లూమెత్రిన్ ఉంటుంది. పట్టీ మీద పిల్లులకని స్పష్టంగా రాసి ఉంటేనే, అదీ పశువైద్యుడిని అడిగాకే వాడండి. ఫిప్రోనిల్, సెలామెక్టిన్ లాంటి వాటితో పిల్లులకు ప్రత్యేకంగా చేసిన మందులు దొరుకుతాయి. వాటినీ బరువు చూసే వేయాలి. ఎనిమిది వారాల లోపు కూనలకు వీటిలో చాలావరకు పనికిరావు. సన్నటి పళ్ల దువ్వెనతో పురుగులను తీసి, డాక్టరు చెప్పినట్టు చేయడమే మేలు. కూనల చిగుళ్లు తెల్లబడి ఉంటే ఆలస్యం చేయకండి. పురుగులు రక్తం పీల్చేయడం వల్ల కూనలు చనిపోతాయి.

ఇంట్లో కుక్క కూడా ఉంటే మరో ప్రమాదం ఉంది. దానికి ఈ మందు వేసిన తరువాత కనీసం 72 గంటలు పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకండి, నాకనివ్వకండి.

ఇప్పటికే పొరపాటున ఇలాంటి మందు పడి ఉంటే, లక్షణాలు కనిపించేదాకా ఆగవద్దు. కొన్నిసార్లు అవి మరుసటి రోజు దాకా బయటపడవు. పశువైద్యుడికి ఫోన్ చేసి, పిల్లి స్పృహలో ఉండి మూర్ఛలు లేకపోతే, గిన్నెలు తోమే ద్రవంతో గోరువెచ్చని నీళ్లలో మందు పడ్డ చోటు కడగండి. వేడి నీళ్లు పోస్తే చర్మం మందును ఇంకా ఎక్కువగా పీల్చుకుంటుంది. చన్నీళ్లు వణుకును పెంచుతాయి. తుడిచి, తువ్వాలు చుట్టి, మందు పెట్టెతో సహా తీసుకెళ్లండి. వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. దీనికి విరుగుడు మందు లేదు. వణుకు తగ్గించే మందులు ఇస్తూ, ఒంటి వేడిని అదుపులో ఉంచుతూ, విషం బయటికి పోయేదాకా ఆసుపత్రిలో కాపాడాలి. రెండు మూడు రోజులు కూడా పట్టవచ్చు. సమయానికి తీసుకెళ్తే చాలా పిల్లులు బతుకుతాయి. మాదీ బతికింది.

కడిగేటప్పుడు భయంతో కరిస్తే, గీరితే, ఆ చోటును సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. వీధిలో పెరిగిన జంతువు కాబట్టి రేబిస్ టీకా సంగతి తప్పక అడగాలి.

మందు పనిచేయడం లేదని రెండోసారి వేసే అలవాటు మరీ ప్రమాదకరం. పిల్లి ఒంటి మీద కనిపించే పెద్ద పురుగులు మొత్తంలో ఐదు శాతం మాత్రమే. మిగతావన్నీ గుడ్లు, పిల్లపురుగులు, గూళ్ల రూపంలో పరుపుల్లో, తివాచీల్లో, నేల పగుళ్లలో ఉంటాయి. అందుకే కొత్తవి వస్తూనే ఉంటాయి. పక్కబట్టలు వేడి నీళ్లలో ఉతికి, నేలను రోజూ ఊడ్చి తీయాలి. డాక్టరు చెప్పిన గడువుకు ముందు మళ్లీ మందు వేయకండి. తోక కింద బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి పేగుల్లో పెరిగే బద్దెపురుగు ముక్కలు. బొచ్చులోని పురుగులను నాకి మింగడం వల్ల ఇది ఎక్కువగా వస్తుంది. దానికీ తూకం చూడకుండా అంగడిలో మాత్ర కొనవద్దు.

మిగతా పరీక్షల సంగతి. పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీ, ఫెలైన్ ల్యుకీమియా అనే రెండు వైరస్‌లకు రక్త పరీక్ష చేయించి, ఇంట్లో వేరే పిల్లులుంటే ఫలితం వచ్చేదాకా కొత్తదాన్ని వేరే గదిలో ఉంచండి. ఆరు నెలల లోపు కూనల్లో ఎఫ్‌ఐవీ పరీక్ష పాజిటివ్ వచ్చినా భయపడకండి, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కూడా అలా చూపిస్తాయి, తరువాత మళ్లీ చేయించాలి. ఒక చెవి కొన నేరుగా కత్తిరించినట్టుంటే, దానికి ఇదివరకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలిపెట్టారని అర్థం.

కొన్నప్పుడు రసీదు తప్పక తీసుకోండి, పెట్టెను పారేయకండి. డాక్టరు రాసిచ్చిన నివేదికతో పాటు మందు తయారీదారుకు ఫిర్యాదు పంపేటప్పుడు బ్యాచ్ సంఖ్య అడుగుతారు. ఆ దుకాణంవాళ్లు డబ్బు వెనక్కి ఇస్తామన్నారు. కుక్కల మందును పిల్లుల సరుకు పక్క నుంచి తీసి వేరే అరలో పెట్టమని అడిగాం, ఇంకా తీయలేదు. మీరు కొనే చోట కూడా రెండూ కలిపి పెట్టి ఉంటే మీరూ అడగండి.