పాత సినిమా డిస్కు: ఏఐతో పెంచాలా, ఫిల్టర్లతో తుడిచి వదిలేయాలా?

శ్రీకాకుళం, విజయనగరం ఇళ్ల బీరువాల్లో పాత తెలుగు సినిమాల వీసీడీలు, డీవీడీలు ఇంకా ఉన్నాయి. వాటిని పెద్ద టీవీలో చూడదగ్గట్టు చేయడానికి దారులు రెండు: లేని వివరాన్ని ఊహించి నింపుతూ బొమ్మను పెంచే ఏఐ, ఉన్న బొమ్మలోని మచ్చల్ని తుడిచే మామూలు ఫిల్టర్లు.

ఖర్చు: ఫిల్టర్లకు ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఏవీసింత్ అనే వీడియో సాఫ్ట్‌వేర్లు చాలు. రెండూ ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీదా నడుస్తాయి. ఏఐకి రియల్-ఈఎస్ఆర్‌గాన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి.

సమయం: రెండున్నర గంటల సినిమాలో, సెకనుకు 25 చొప్పున, 2,25,000 ఫ్రేములు (విడి బొమ్మలు). కార్డు సెకనుకు 5 ఫ్రేములు చేస్తే పన్నెండున్నర గంటలు. తుఫాను రోజుల్లో కరెంటు పోతే పని మొదటికొస్తుంది. పది నిమిషాల ముక్కలుగా కోసి చేయండి.

ప్రమాదం: అసలు చిక్కంతా ఇక్కడే. వీసీడీలో ఉండేది 352×288 చుక్కలే. దూరపు షాట్‌లో ముఖానికి ఇరవై చుక్కలు దక్కితే గొప్ప. అక్కడ లేని కళ్లను ఏఐ గీస్తుంది, చర్మాన్ని మైనం చేస్తుంది. టైటిల్స్ మరీ ఘోరం. 'లక్ష్మి'లో ఒత్తులు కరిగి ఏ అక్షరమూ కాని గీత మిగులుతుంది. ఆ పేర్లు పాడవకూడదు. టైటిల్స్ భాగాన్ని లాంక్జోస్‌తో (ఏమీ ఊహించకుండా లెక్కతోనే బొమ్మను పెంచే మామూలు పద్ధతి) పెంచి అతికించండి. ఇంటర్లేస్డ్ డీవీడీని (ఒక్కో బొమ్మను సరి, బేసి వరసలుగా విడదీసి దాచిన డీవీడీ) ముందు ఏవీసింత్‌లో నడిచే క్యూటీజీఎంసీ అనే స్క్రిప్టుతో సరిచేయాలి. లేకుంటే దువ్వెన పళ్లలాంటి గీతల్ని ఏఐ బొమ్మలో భాగమనుకుని ఇంకా గట్టిగా దిద్దుతుంది.

వీసీడీ ఒక్కటే ఉంటే ఫిల్టర్లే మేలు. దువ్వెన గీతల్లేని డీవీడీ, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఉంటే ఏఐతో రెండింతలు పెంచి, అసలు బొమ్మను సగం పాళ్లలో కలపండి. ఏ దారైనా డిస్కు మొత్తానికి నకలు ఫైలు ముందే తీసి పెట్టుకోండి: డీవీడీకి ఐఎస్ఓ, వీసీడీకి బిన్/క్యూ.