నైట్ ట్రైన్: ఎవరి బండి ఎక్కాలి?

పాత రిథమ్ అండ్ బ్లూస్ (ఆర్ అండ్ బీ, అంటే అమెరికా నల్లజాతివారి జనరంజక సంగీతం) రికార్డుల మాట ఎక్కడ మొదలైనా చివరికి నా దగ్గరికి ఒకే ప్రశ్న వచ్చి వాలుతుంది. ‘నైట్ ట్రైన్’ అనే బాణీ ఎవరిది వినాలి, గాయకుడు జేమ్స్ బ్రౌన్‌దా, జాజ్ పియానో వాద్యకారుడు ఆస్కార్ పీటర్సన్‌దా? విచిత్రమేమిటంటే ఆ బాణీకి ఆ పేరు పెట్టి మొదట రికార్డు చేసిన మనిషి ఆ ప్రశ్నలో ఉండడు. నోటితో చెప్పీ చెప్పీ విసుగెత్తి, ఈసారి రాసి పెడుతున్నాను.

ఆ మనిషి జిమ్మీ ఫారెస్ట్, సెయింట్ లూయిస్ నగరానికి చెందిన టెనర్ సాక్సఫోన్ వాద్యకారుడు. 1951 నవంబరులో షికాగోలో, యునైటెడ్ అనే చిన్న కంపెనీ కోసం దీన్ని వాయించాడు. పెద్ద కంపెనీలన్నీ తెల్లవారి చేతుల్లో ఉన్న రోజుల్లో నల్లజాతివారు పెట్టుకున్న సంస్థ అది. దాని యజమాని లెనర్డ్ ఆలెన్ వృత్తిరీత్యా దర్జీ. ఆ దర్జీగారి రికార్డు 1952లో బిల్‌బోర్డ్ పత్రిక వేసే ఆర్ అండ్ బీ పట్టికలో ఏడు వారాల పాటు మొదటి స్థానం వదల్లేదు.

దీన్ని తూచడానికి నా దగ్గర ఒకటే తూకం రాయి ఉంది. బాణీ చూస్తే మామూలు పన్నెండు బార్ల (తాళావర్తాల) బ్లూస్, రెండు రోజులు సాధన చేస్తే ఎవరైనా పట్టుకోగలరు. అసలు సంగతి తర్వాత వస్తుంది. అంతవరకు బరువుగా ఈడ్చుకుంటూ నడిచిన తాళం, సోలో (ఒక్కరే ముందుకొచ్చి వాయించే భాగం) దగ్గరకు వచ్చేసరికి ఒక్క దెబ్బ వేసి ఆగిపోతుంది. ఆ ఖాళీలో సాక్సఫోన్ ఒంటరిగా మిగులుతుంది. అది తన మాట చెప్పుకోగానే మళ్ళీ ఒక దెబ్బ, మళ్ళీ ఖాళీ. రాత్రివేళ బండి సిగ్నల్ లేక ఎక్కడో పొలాల మధ్య ఆగినప్పుడు, చక్రాల మోత పోయి పక్క బెర్తులోని గురక హఠాత్తుగా పెద్దదై వినిపిస్తుంది చూడండి, అలాంటి ఖాళీ అది. సాక్సఫోన్ అనగానే మనకు కద్రి గోపాల్‌నాథ్ గమకాలు గుర్తుకొస్తాయి. ఆ చెవితో వింటే ఫారెస్ట్‌కు గొంతు బొంగురుపోయిందనిపిస్తుంది. వాద్యంలోకి ఊదుతూనే గుర్రుమంటాడు, ఒక స్వరాన్ని పట్టుకుని కిందినుంచి పైకి లాగుతాడు. తాళం ఆగిపోవడం వల్లనే ఆ గరుకు అంత స్పష్టంగా తెలుస్తుంది. కాబట్టి ఎవరు వాయించినా నేను చూసేది ఆ ఖాళీని ఏం చేశారనే.

1952లోనే బడ్డీ మారో అనే ట్రాంబోన్ వాద్యకారుడు పెద్ద బృందంతో దీన్ని మళ్ళీ వాయించాడు. నల్లవారి పట్టికలో గెలిచిన బాణీని తెల్లవారి బృందంతో పాప్ శ్రోతలకు అమ్మడం అప్పట్లో నడిచిన వ్యాపారమే. ఫారెస్ట్ సోలోను ట్రాంబోన్‌కు మార్చి రాసుకుని మరీ వాయించాడు. పక్కవాడి పేపరు చూసి, వాడికంటే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసినట్టు ఉంటుంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు, తిరిగి వినడానికీ ఏమీ లేదు. అయితే దీనివల్ల ఒక విషయం మాత్రం రుజువైంది: ఫారెస్ట్ సోలో అప్పటికే బాణీలో భాగమైపోయింది. దాన్ని తీసేసి వాయిస్తే జనం ఒప్పుకోరు.

ఇక జేమ్స్ బ్రౌన్. అతని ‘నైట్ ట్రైన్’ సింగిల్‌గా, అంటే విడి పాట రికార్డుగా, వచ్చింది 1962లో. ఆర్ అండ్ బీ పట్టికలో అయిదో స్థానం, పాప్ పట్టికలో ముప్పై అయిదో స్థానం. ఈ బాణీకి తర్వాత ఎవరో అతికించిన సాహిత్యం ఒకటుంది. బ్రౌన్ దాన్ని పక్కన పడేసి, తాను కచేరీలు చేసే నగరాల పేర్లు అరిచాడు. మయామీ, అట్లాంటా, రాలీ, వాషింగ్టన్... అక్కడ నాలుక కరుచుకున్నవాడిలా ‘రిచ్‌మండ్ కూడా’ అంటాడు. దక్షిణం నుంచి ఉత్తరానికి పోయే బండికి రిచ్‌మండ్ వాషింగ్టన్ కంటే ముందే రావాలి. దాటేసిన స్టేషన్‌ను వెనక్కి తిరిగి ప్రకటించిన గార్డు ఇతనొక్కడే. ఆ పొరపాటును దిద్దకుండా వదిలేయడమే నాకు ఈ రికార్డులో అన్నిటికన్నా ఇష్టం. ఆ తర్వాత బాల్టిమోర్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్, బోస్టన్. చివర్లో, ఈ దారికి ఏ సంబంధమూ లేని న్యూ ఆర్లీన్స్‌ను మరిచిపోవద్దని ఒక మాట! ఆ ఊళ్ళలో తన రికార్డులు వేయగల నల్లవారి రేడియో కేంద్రాలు ఉండేవని తెలిస్తే, ఈ ప్రకటనలో కొంత ప్రచారం కూడా ఉందని అర్థమవుతుంది.

ఇందులో డ్రమ్స్ కూడా బ్రౌనే వాయించాడు. వేగం చెప్పనక్కర్లేదు. ఫారెస్ట్‌ది గూడ్స్ బండి అయితే ఇది ఎక్స్‌ప్రెస్. బాక్సర్ సోనీ లిస్టన్ తాడాట సాధనకు ‘నైట్ ట్రైన్’ పెట్టించుకునేవాడు. నన్నడిగితే తాడాటకు ఈ వేగమే సరి. 1962 అక్టోబరు 24న న్యూయార్క్ హార్లెమ్‌లోని అపోలో థియేటర్‌లో రికార్డు చేసిన కచేరీని బ్రౌన్ దీనితోనే ముగించాడు. కచేరీ ముగింపుకు దీన్ని మించింది లేదు. కానీ నా తూకంలో వెనకబడుతుంది. ఈ పరుగులో ఏ ఖాళీ కూడా ఖాళీ అనిపించేంత సేపు ఉండదు. ఇక్కడ మనం వినేది బ్రౌన్‌ను, బాణీని కాదు.

పీటర్సన్ త్రయం అదే ఏడాది డిసెంబరులో దీన్ని పట్టుకుంది. పియానో మీద ఆయన, బాస్ మీద రే బ్రౌన్, డ్రమ్స్ మీద ఎడ్ థిగ్‌పెన్. ఆల్బమ్‌కే ఈ పేరు పెట్టారు. పీటర్సన్ తండ్రి కెనడియన్ పసిఫిక్ రైల్వే బండ్లలో ప్రయాణికుల అవసరాలు చూసే పోర్టరుగా పనిచేశాడు. ఆ సంగతి తెలిసి వింటే వినికిడి మారుతుంది: బండిని ప్లాట్‌ఫాం మీద నుంచి కాకుండా, ఇంట్లో నాన్న రాక కోసం చూస్తూ విన్నట్టుంటుంది. మొదట గుసగుసలా, తర్వాత దగ్గరై గర్జించి, మళ్ళీ దూరమైపోతుంది. పనితనంలో నలుగురిలోనూ ఇదే గొప్పది, ఒప్పుకుంటాను. కానీ పియానోకు ఒక శాపం ఉంది. మీట నొక్కిన క్షణం నుంచి స్వరం తగ్గుతుందే తప్ప పెరగదు. ఊపిరితో స్వరాన్ని ఉబ్బించడం, గరగరలాడించడం దానికి చేతకాదు. పీటర్సన్ ఆ లోటును వేళ్ళ నేర్పుతో పూడుస్తాడు. పూడ్చడమే నాకు అడ్డం. ఫారెస్ట్ దగ్గర ఉన్న ఒంటరితనం ఇక్కడ ఉండదు.

గాయకుడు, ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ప్రీమా 1956లో వాయించినది కూడా ఉంది. హుషారు, అంతే.

కాబట్టి నా ఓటు ఫారెస్ట్‌కే. ఒక మెలిక మాత్రం దాచకూడదు. బాణీలోని అసలు వరస ఫారెస్ట్‌ది కాదు. 1949, 1950 ప్రాంతంలో అతను జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంలో పనిచేశాడు. ఎల్లింగ్టన్ 1946లో కట్టిన ‘డీప్ సౌత్ స్వీట్’ అనే వాద్య మాలికలో చివరి భాగం ‘హ్యాపీ గో లక్కీ లోకల్’. దక్షిణాది పల్లెల్లో కీచుమంటూ తిరిగే చిన్న బండి బొమ్మ అది. ‘నైట్ ట్రైన్’ వరస అందులో అలాగే ఉంటుంది. అంతకుముందు 1940లో ఎల్లింగ్టన్ బృందంలోని జానీ హాడ్జెస్ రికార్డులోనూ దాని ఛాయలు వినిపిస్తాయి. అయినా ‘నైట్ ట్రైన్’ స్వరకర్తల పేర్లలో ఎల్లింగ్టన్ పేరు లేదు.

మొదటిసారి ‘హ్యాపీ గో లక్కీ లోకల్’నూ ‘నైట్ ట్రైన్’నూ ఒకదాని వెంట ఒకటి విన్నరోజు ఫారెస్ట్ మీద నాకు కోపమే వచ్చింది. పట్టపగలు దొంగతనం అనుకుంటూనే ఫారెస్ట్ రికార్డు రెండోసారి పెట్టాను. తాళం దెబ్బ వేసి ఆగింది. ఆ ఆగడం ఎల్లింగ్టన్ దగ్గర లేదు.