కెనడా స్టడీ పర్మిట్ ఫైలు వేయిస్తున్నారా? లాగిన్ మీ చేతిలో లేకపోతే డబ్బు కట్టకండి

కన్సల్టెన్సీ ద్వారా కెనడా స్టడీ పర్మిట్‌కి ఫైలు వేస్తున్నవాళ్లు ఇది చదివాకే ఫీజు కట్టండి. మా పిన్ని కొడుక్కి జరిగింది చెబుతున్నా. కన్సల్టెన్సీ పేరు రాయడం లేదు. ఇంకో పేరుతో బోర్డు పెట్టుకోవడం వాళ్లకెంత సేపు? పద్ధతి తెలిస్తే ఏ బోర్డు కింద ఉన్నా పట్టేయొచ్చు.

బీటెక్ అయ్యాక వాడికి రెండేళ్ల గ్యాప్ ఉంది. "గ్యాప్ సంగతి మాకొదిలెయ్, కవర్ చేస్తాం" అన్నారు. ఎస్‌ఓపీలో (ఎందుకు చదవాలనుకుంటున్నాడో రాసే లేఖలో) కారణం బాగా రాస్తారు కాబోలు అనుకున్నాడు. వాళ్లేమో వాడు గడప కూడా తొక్కని కంపెనీ పేరుతో ఎక్స్‌పీరియన్స్ లెటర్, శాలరీ స్లిప్పులు పుట్టించి ఫైల్లో పెట్టేశారు. వాడికి తెలియకుండా ఎలాగంటారా? వాడి పేరు మీద వాళ్లే ఒక జీమెయిల్ తెరిచారు. రికవరీ నంబర్ ఆఫీసులో ఎవరిదో. ఐఆర్‌సీసీ (కెనడా ఇమిగ్రేషన్ శాఖ) అకౌంట్ పాస్‌వర్డ్, సెక్యూరిటీ ప్రశ్నల జవాబులు అన్నీ వాళ్ల దగ్గరే. అడిగితే "నువ్వు ముట్టుకుంటే ఫైలు లాక్ అయిపోతుంది" అని భయపెట్టారు.

ఇలాంటి కాగితం మీద అనుమానం వస్తే వీసా ఆఫీసర్ ముందు ప్రొసీజరల్ ఫెయిర్‌నెస్ లెటర్ పంపి, సంజాయిషీకి గడువిస్తాడు. వీడికీ వచ్చింది, ఆ జీమెయిల్‌కే. వీడికి ఎవరూ చెప్పలేదు, గడువు దాటిపోయింది. చివరికి రిఫ్యూజల్ లెటర్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు, అదీ మొదటి పేజీ మాత్రమే! "నెక్స్ట్ ఇన్‌టేక్‌కి వేద్దాం, ఈసారి ప్రాసెసింగ్ సగానికే" అని డిస్కౌంట్ ఒకటి. గొడవపడి రెండో పేజీ తెప్పించుకుంటే అసలు విషయం బయటపడింది: ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 40 కింద మిస్‌రిప్రజెంటేషన్ (తప్పుడు సమాచారం ఇవ్వడం), 5 ఏళ్ల నిషేధం. నిషేధం పడ్డవాడి దగ్గరే మళ్లీ ఫైలు పేరుతో డబ్బు గుంజబోయారన్నమాట.

"ఏజెంట్ పెట్టాడు, నాకు తెలియదు" అంటే అక్కడ చెల్లడం చాలా కష్టం. ఎవరు నింపినా ఫైలు మీదే, జవాబుదారీ మీరే. పోనీ యూకేకో ఆస్ట్రేలియాకో వెళదామంటే, గతంలో ఏ దేశమైనా వీసా నిరాకరించిందా అని వాళ్ల ఫారాలూ అడుగుతాయి. దాచితే అక్కడ ఇంకో కేసు.

2023లో పంజాబ్ విద్యార్థుల నకిలీ అడ్మిషన్ లెటర్ల గొడవ గుర్తుందిగా, కెనడా వెళ్లి చదువుకున్నాక బయటపడింది. ఆ ఏడాది డిసెంబర్ 1 నుంచి అడ్మిషన్ లెటర్‌ని ఐఆర్‌సీసీ నేరుగా కాలేజీతోనే సరిచూసుకుంటోంది. ఆ దారి మూసుకుపోయాక వీళ్ల చేతివాటం ఎక్స్‌పీరియన్స్ లెటర్లకీ, బ్యాంకు కాగితాలకీ మళ్లిందని నా అనుమానం.

ఇంకో సంగతి. డబ్బు తీసుకుని కెనడా ఇమిగ్రేషన్ ఫైలు నడిపే హక్కు అందరికీ లేదు. అక్కడి లాయరో, పారాలీగలో, క్యూబెక్ నోటరీయో, లేదా ఆర్‌సీఐసీ (లైసెన్స్ ఉన్న ఇమిగ్రేషన్ కన్సల్టెంట్) అయినా అయ్యుండాలి, మీ తరఫు ప్రతినిధి ఎవరో చెప్పే ఐఎంఎం 5476 ఫారంలో వాళ్ల పేరు చూపించాలి. కాలేజీలో సీటు ఇప్పించే ఏజెంటుకి ఆ అర్హత దానంతటదే రాదు. మావాళ్లకీ "కెనడాలో మా ఆర్‌సీఐసీ మేడం ఉన్నారు" అనే చెప్పారు. లైసెన్స్ నంబర్ అడిగితే ఇవాళ రేపు అంటూ దాటేశారు. ఆర్‌సీఐసీల రిజిస్టర్ ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు, పేరు కొడితే లైసెన్స్ నడుస్తోందో సస్పెండ్ అయిందో కనిపిస్తుంది.

ఇప్పటికే ఫైలు వేసేసినవాళ్లు ఈరోజే లాగిన్ అడగండి, సబ్మిట్ చేసిన మొత్తం పీడీఎఫ్‌లు తెప్పించుకుని ఒక్కో పేజీ తిప్పి చూడండి. సాకులు చెబుతుంటే వాళ్లతో వాదన పెట్టుకోకండి. ఐఆర్‌సీసీ వెబ్‌ఫారంలో అప్లికేషన్ నంబర్, పాస్‌పోర్ట్ వివరాలు ఇచ్చి మీ సొంత మెయిల్‌కి మార్చమని మీరే రాయండి.