గడ్డి మందుల్లో ఏది మేలు? గ్లైఫోసేటా, పారాక్వాటా, 2,4-డి నా?

దేవనహళ్ళి, హొసకోటె, ఆనేకల్ వైపు అరెకరమో ఎకరమో కొనుక్కుని శనాదివారాల్లో వెళ్ళి చూసుకునే బెంగళూరు తెలుగువాళ్ళు, వానలు మొదలవగానే అడిగే ప్రశ్న ఒకటే: గడ్డి మందుల్లో ఏది తక్కువ ప్రమాదం? డబ్బా మీద త్రికోణం రంగు చూసుకోమంటారు అంగట్లో. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అన్న ఆ వరుస, మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతే ఎంత మోతాదుకు ప్రాణం తీస్తుందో మాత్రమే చెబుతుంది. విరుగుడు ఉందా, ఏళ్ళ తరబడి తగిలితే ఏమవుతుంది, చెరువులో కలిస్తే ఏమవుతుంది అన్నవి ఆ రంగులో దొరకవు. అందుకని ఇక్కడ వేరే కొలత: పొరపాటు జరిగితే సరిదిద్దుకునే వీలుందా?

ఆ కొలతకు పారాక్వాట్ నిలవదు. చల్లిన మర్నాటికే గడ్డి మాడిపోతుంది, కొనేవాళ్ళకు నచ్చేది ఆ వేగమే. కానీ అది తగిలిన ఆకునే కాలుస్తుంది, వేళ్ళ జోలికి పోదు. తుంగ, గరిక రెండు మూడు వారాల్లో మళ్ళీ లేస్తాయి. మళ్ళీ చల్లాలి, అంటే చిక్కటి మందును మళ్ళీ చేత్తో కొలవాలి. ఎక్కువ ప్రమాదం అక్కడే. లోపలికి పోతే ఊపిరితిత్తుల్లో చేరి, అక్కడి ఆక్సిజన్‌నే ఆయుధం చేసుకుని వాటిని పాడుచేస్తుంది. డాక్టర్లు ఆక్సిజన్ పెట్టడానికి కూడా వెనకాడేది అందుకే. విరుగుడు లేదు. మింగడం ఒక్కటే దారి కాదు. వీపు మీది ట్యాంకు కారి చొక్కా తడిసినా, గీరుకున్న చోటు గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. మొదట్లో మనిషి బాగానే ఉన్నట్టు కనబడతాడు, ‘ఏం కాలేదులే’ అని ఇంట్లో ఉండిపోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. తడి బట్టలు విప్పి, సబ్బుతో కడిగి, లేబుల్ చేతపట్టుకుని వెంటనే ఆసుపత్రికి పోవాలి. యూరప్‌లో 2007లో, కేరళలో 2011లో దీన్ని ఆపేశారు. నేల మీద పడగానే బంకమట్టికి అతుక్కుపోయి పనిచేయదు కాబట్టి నేలకు మంచిదని వాదించేవాళ్ళున్నారు. పంట వరకూ నిజమే. మనిషికి జరిగే నష్టం ముందు ఆ సుగుణం ఏపాటిది?

గ్లైఫోసేట్ సంగతి వేరు. ఆకు నుంచి వేరుకు దిగి, తుంగ గడ్డలదాకా పోయి చంపుతుంది. కాబట్టి పదేపదే చల్లే పని తగ్గుతుంది. చేతి మీద పడితే కడుక్కోవచ్చు, ప్రాణం మీదకు రాదు. అలాగని నిరపాయమూ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం 2015లో దీన్ని ‘బహుశా కేన్సర్ కలిగించేది’ అన్న 2ఎ వర్గంలో పెట్టింది. అమెరికా పర్యావరణ సంస్థ ఒప్పుకోలేదు. ఆ తగువు తేలేలోగా మన చెరువుల సంగతి చూసుకోవాలి. డబ్బాలో గ్లైఫోసేట్‌తో పాటు ఆకుకు అంటుకోవడానికి కలిపే సబ్బులాంటి పదార్థం ఉంటుంది, చేపలకు, కప్ప పిల్లలకు ఎక్కువ చేటు చేసేది చాలాసార్లు అదే. బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో వాన సాయంత్రాలు పడుతుంది కాబట్టి, మంచు ఆరాక పొద్దున్నే, కనీసం ఆరు గంటలు వాన రాదనుకున్న రోజే చల్లించాలి. కాలువ గట్టు మీద వద్దు.

పనిచేయట్లేదని మోతాదు పెంచడం ఇక్కడ తరచూ జరిగే తప్పు. చాలాసార్లు లోపం మందుది కాదు, బోరు నీళ్ళది. నీళ్ళలోని కాల్షియం, ఇనుము గ్లైఫోసేట్‌ను కట్టిపడేస్తాయి. బురద నీళ్ళయితే బంకమట్టే పీల్చేసుకుంటుంది. లీటరుకు 20 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ ముందు కరిగించి, ఆ తరవాతే మందు కలపాలి. 41 శాతం గ్లైఫోసేట్ ఉన్న మందు లీటరుకు 10 మి.లీ. చాలు, 15 లీటర్ల ట్యాంకుకు 150 మి.లీ. గడ్డి పూతకు రాకముందు, పచ్చగా ఎదుగుతున్నప్పుడు చల్లాలి. పసుపెక్కడానికి పది, పదిహేను రోజులు పడుతుంది, ఆలోగా కోస్తే మందు వేరుకు చేరదు. ఇంకోటి, 2022 అక్టోబరు నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం గ్లైఫోసేట్‌ను లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలి. సొంతంగా ట్యాంకు ఎత్తుకోవడం కుదరదు. కాబట్టి పై లెక్క మీరు కలపడానికి కాదు, వచ్చినవాళ్ళు సరిగ్గా కలుపుతున్నారో లేదో చూసుకోవడానికి.

2,4-డి రాగి చేలో వెడల్పాకు కలుపుకు పనికొస్తుంది, గడ్డి జాతిని ఏమీ చేయదు. చిక్కల్లా పక్క చేనుతో. డబ్బా మీద ‘ఇథైల్ ఎస్టర్’ అని ఉండే రకం ఎండకు ఆవిరై గాలిలో పోతుంది. కోలారు, చింతామణి వైపు టమాటా, ద్రాక్ష, శిడ్లఘట్ట వైపు మల్బరీ దీనికి చాలా సున్నితం, ఆకులు గిన్నెల్లా ముడుచుకుపోతాయి. పక్కవాళ్ళకు అలాంటి తోట ఉంటే ఎస్టర్ జోలికి పోవద్దు. ఈ మందుకు ట్యాంకు వేరేగా పెట్టుకోవాలి. ఎంత కడిగినా గొట్టంలో మిగిలిన కాస్త చాలు, తరవాత పోషకాలు చల్లిన టమాటా పాడవుతుంది.

అట్రజిన్ అనే ఇంకో గడ్డి మందు మొక్కజొన్న, జొన్న, చెరకు లాంటి పంటలకు తప్ప దండగ, పైగా నేలలో నిలిచి బోరు నీళ్ళలోకి దిగుతుంది. ఉప్పూ వెనిగరూ కలిపి చల్లే చిట్కా ఆకుల్ని మాత్రమే మాడుస్తుంది, ఉప్పు నేలలో మిగులుతుంది.

ఇళ్ళ మధ్య ఖాళీ సైట్లకు వీటిలో ఏదీ అక్కర్లేదు. అక్కడ ఎక్కువగా ఉండేది వయ్యారిభామే. వాన పడ్డ మర్నాడు, పూత రాకముందు వేరుతో సహా పీకేస్తే పోతుంది. దురద, దద్దుర్లు రాకుండా చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పవు. కోత మిషన్‌తో మొదలు పైన కోస్తే పక్క నుంచి చిగురిస్తుంది కాబట్టి నేల బారుగా కోయాలి. సైట్లో రాళ్ళుంటే బ్లేడు తీసి నైలాన్ తీగ వేయండి, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి.