ఇంట్లో పొట్ట డయాలసిసా, సెంటర్‌లో రక్త డయాలసిసా: ఇన్ఫెక్షన్ లెక్కన చూస్తే

కిడ్నీలు పనిచేయనప్పుడు రక్తాన్ని శుభ్రం చేసే డయాలసిస్ రెండు రకాలు: ఇంట్లోనే ట్యూబ్‌తో పొట్టలోకి మందు నీళ్ళు పంపి బయటికి తీసే పొట్ట డయాలసిస్, సెంటర్‌లో మెషీన్‌తో రక్తాన్ని వడకట్టే రక్త డయాలసిస్. బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఉండే మనవాళ్ళు చాలామంది ఇన్ఫెక్షన్ భయంతోనే పొట్ట డయాలసిస్ వద్దనేస్తారు. కానీ రెండింట్లోనూ ఆ భయం ఉంది, వచ్చే చోటే వేరు.

ఎక్కడ వస్తుంది?
పొట్ట: లోపలి పొరకు, దాన్నే పెరిటోనైటిస్ అంటారు.
సెంటర్: రక్తంలోకి, ముఖ్యంగా మెడ దగ్గర క్యాథెటర్ (రక్తనాళంలో పెట్టే గొట్టం) ఉన్నన్నాళ్ళూ. చేతికి ఫిస్టులా (చిన్న ఆపరేషన్‌తో ధమనిని, సిరను కలిపి చేసే దారి) ఉంటే బాగా తగ్గుతుంది.

శ్రమ
సెంటర్: వారానికి 2-3 సార్లు, ప్రతిసారీ సుమారు 4 గంటలు, ట్రాఫిక్ అదనం.
పొట్ట: చేత్తో చేసుకుంటే రోజుకు 3-4 బ్యాగుల నీళ్ళు మార్చాలి. ప్రతిసారీ తలుపు మూసి, ఫ్యాన్ ఆపి, మాస్క్ కట్టుకుని, చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకున్నాకే ట్యూబ్ మూత తీయాలి. ట్యూబ్ కొన దేనికైనా తగిలితే 'ఏం కాదులే' అని కలిపేయొద్దు, క్లాంప్ (ట్యూబ్ మూసే క్లిప్) వేసి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

గుర్తుపట్టడం
పొట్ట: బయటికొచ్చిన నీళ్ళ బ్యాగు కింద న్యూస్‌పేపర్ పెట్టి చూడండి. అక్షరాలు మసకగా ఉంటే నొప్పి లేకపోయినా ఆ రోజే బ్యాగుతో సహా వెళ్ళాలి.
సెంటర్: చలిజ్వరం.

ఖర్చు
2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద పేదలకు జిల్లా ఆసుపత్రుల్లో రక్త డయాలసిస్ ఉచితం. పొట్టకైతే నెలనెలా బ్యాగులు కొనాలి, పథకం వర్తిస్తుందేమో ముందే అడగండి.

శుభ్రమైన గది, ఓపికగా చేసే మనిషి ఉండి, సెంటర్ దూరమైతే నేను పొట్ట డయాలసిస్సే అంటాను. చూపు సరిగా ఆనక, చేతులు వణుకుతూ, సాయానికెవరూ లేకపోతే సెంటర్‌కే వెళ్ళండి, ఫిస్టులా మాత్రం త్వరగా చేయించుకోండి.